మూసీ వరదయు మన మరపును

(ఒక పఠనాలయమున చేసిన ఉపన్యాసము)



మహానగరములలో హఠాత్తుగా వచ్చిపడు వరదలను గూర్చి మాటలాడుమని ఈ పఠనాలయ కార్యదర్శిగారు నన్ను కోరిరి. లోకమున ఏ నగరమునకు ఈ బాధ తప్పినది? అయినను పొరుగూరి వరదను వర్ణించుట సులభము. మన వాకిటి బురదను చూచుకొనుట కష్టము. కావున నేను మన హైదరాబాదును గూర్చియే చెప్పెదను. వాన ఎంత కురిసినదను లెక్కకంటె, నీరు తీసిన పిదప మనమేమి చేసితిమను లెక్కయే నాకు ముఖ్యము. మొదటి లెక్కను వ్రాయుటకు వాతావరణశాఖవారున్నారు. రెండవ లెక్కను వ్రాయువారు లేరు.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీ, సోమవారము. అంతకు ముందునుండియే వాన పట్టుకొని విడువకుండెను. శంషాబాదున 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు కురిసినట్లు లెక్కకెక్కినది. అనంతగిరి కొండలలో పుట్టి, వేసవిలో మోకాలిలోతైనను ఉండక, చాకిరేవులకు మాత్రమే పనికివచ్చు మూసీ ఆనాడు సముద్రమైనది. సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు నగరమధ్యమున పారినదని పిదప లెక్కవేసిరి. నదిపైనున్న వంతెనలలో మూడు దెబ్బతినెను. 1578లో కుతుబ్‌షాహీ ప్రభువులు కట్టించిన పురానాపూల్ మాత్రము నిలిచెను. నాటి నగర జనసంఖ్య ఇంచుమించు 5 లక్షలు. మరణించినవారు 15,000 మందియని సాధారణముగా చెప్పుదురు. ఆ మాట నిజమైనచో ప్రతి 33 మందిలో ఒకరు పోయిరన్నమాట. నిలువనీడ లేనివారైనవారు సుమారు 80,000.

అఫ్జల్‌గంజు ఉద్యానమునందలి చింతచెట్టు కథ మీలో చాలమంది వినియుందురు. ఆ చెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. అది నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్నది. ఏటేట సెప్టెంబరు 28వ తేదీని కొందరు పురజనులు దాని క్రింద కూడి, పోయినవారిని తలచుకొందురు. కొందరని ఏల అంటిననగా, కోటి దాటిన జనులున్న నగరమున ఆ కూడువారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొనెను, తానొక్కడు మిగిలెను. ఆ దుఃఖమునుండి 'ఖయామతె సుగ్రా' అను కవిత పుట్టినది. చిన్న ప్రళయమని దాని అర్థము. ఇల్లంతయు పోయినవాడు దానిని చిన్నదియని ఏల అనెనో నాకు ఇన్నాళ్లకును బోధపడలేదు.

ఇక నాటి జనుల సంగతి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను తన భవనముల ద్వారములను నిరాశ్రయులకు తెరపించెను. నదికి పూలును, చీరయు సమర్పించి శాంతింపుమని వేడుకొనెనని పాతనగర వృద్ధులు నేటికిని కథగా చెప్పుకొందురు. శ్రీమతి సరోజినీ నాయుడుగారు వరదబాధితుల సేవలో పాల్గొనిరి. ఆ సేవకుగాను సర్కారువారు కైజరె హింద్ పతకము నిచ్చిరి. 1919లో జలియన్‌వాలాబాగులో జరిగిన ఘోరమునకు నిరసనగా ఆమె ఆ పతకమును తిరిగి ఇచ్చివేసిరి. దయను ప్రభుత్వముచేత మెప్పింపవచ్చును గాని కొనివేయింపరాదని ఆమెకు తెలియును.

కథ ఇంతటితో ఆగియుండినచో అది కన్నీటి కథగానే మిగిలెడిది. నిజాము ప్రభుత్వమువారు ఇంకొక పనియు చేసిరి. బొంబాయి ప్రభుత్వపు కొలువును చాలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. 1909లో ఆయన ఇచ్చటికి వచ్చి, మూసీని చూచుటకు ముందు మూసీకి నీరెచ్చటినుండి వచ్చినదో చూచెను. నగరమునకు ఎగువను 860 చదరపు మైళ్లకు పైబడిన పరీవాహక భూమి కలదు. అందు 788 చెరువులుండెను. అనగా ఇంచుమించు చదరపుమైలునకొక చెరువు. వానిలో 221 చెరువులు తెగినవి.

సోదరులారా, ఈ 221 అను సంఖ్యయొద్ద ఒక క్షణమాగుడు. నది పొంగి ఊరిని ముంచినదని మనము చెప్పుకొందుము. నది తానుగా అంత పొంగలేదు. ఎగువను ఒక చిన్న చెరువుకట్ట తెగినది. దాని నీరు దిగువ చెరువుమీద పడినది. ఆ చెరువు తన వాననీటినే మోయలేక నిండి యుండగా ఈ రెండవ బరువు నెత్తిపై పడినది, అదియు తెగినది. మన పెద్దలు ఈ చెరువులను గొలుసుకట్టుగా కట్టిరి: పై చెరువు మత్తడి దూకిన నీరు క్రింది చెరువును నింపవలెను. గొలుసు బాగుగ నున్నంతకాలము ఒక్క చుక్క వృథాపోదు. గొలుసులో ఒక్క కొక్కెము తెగినచో క్రిందివన్నియు వరుసగా తెగును. మేలుచేసిన ఏర్పాటే, కాపాడువాడు లేనప్పుడు, కీడుచేయును.

ఆ కాపాడువాడెవ్వడు? తెలంగాణపు పల్లెలలో వానిని నీరటికాడందురు. వాడు చదువుకొన్నవాడు కాడు. వానలు పట్టినప్పుడు అర్ధరాత్రి గొంగడి కప్పుకొని కట్టమీదికి పోవును. తూము ఎంత తెరవవలెనో, మత్తడికి చెత్త అడ్డుపడినదేమో, కట్టలో ఎలుకబొక్కలున్నవేమో చూచును. దానికి ప్రతిఫలముగా రైతులు వానికి కల్లములవద్ద ఇంత ధాన్యము కొలుతురు. చెరువు క్రింద ఆయకట్టు ఉన్నంతకాలము నీరటికాడుండును. ఆయకట్టులో వరికి మారుగా ఇండ్లు మొలిచిననాడు చెరువు ఎవ్వరికిని అక్కరలేని వస్తువగును. తూము పూడిపోవును. మత్తడి ఎదుట గోడలేచును. కట్ట బండ్ల బాట అగును, పిదప తారురోడ్డు అగును. శిఖము భూమికి పట్టాలు పుట్టును. నీరటికాడు ఏ అపార్టుమెంటు వాకిటనో కాపలాదారుగ కూర్చుండును. ఇదంతయు ఒక్క దినమున జరుగదు. ఇరువది, ముప్పది యేండ్లు పట్టును. అందుచేత దీనిని చూచినవారెవ్వరును లేరు. అందరును చూచుచునే యున్నారు.

విశ్వేశ్వరయ్యగారు చెప్పిన మందు మీకు తెలిసినదే: నగరమునకు ఎగువను మూసీపై నొకటి, ఈసీపై నొకటి, వరదను పట్టి నిలుపు జలాశయములు కట్టవలెను, నగరములో నదికి గట్టులెత్తి తోటలు వేయవలెను. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. నగరాభివృద్ధి మండలి 1912లో ఏర్పడినది. వరదకును రెండవ జలాశయమునకును నడుమ 19 సంవత్సరములు గడచినవి. ఒక ప్రభువు పోయి మరియొక ప్రభువు వచ్చెను. అయినను పని విడువబడలేదు. రాచరికమును నేను పొగడుటలేదు. ఆ 19 సంవత్సరములలో ప్రజల అభిప్రాయమును ఎవ్వరును అడుగలేదు. అడుగవలెనని వారికిని తోచలేదు. వారికి వోటు లేదు, ప్రజలెన్నుకొన్న శాసనసభ లేదు. నాటి పురజనులకు మిగిలినది అర్జీయు, కృతజ్ఞతయు మాత్రమే.

మనకన్ననో, అన్నియు నున్నవి. ఈసీ వచ్చి మూసీలో కలియు లంగర్‌హౌసు సంగమమున 1948లో మహాత్ముని చితాభస్మమును కలిపిరి. ఆ చోటును బాపూఘాట్ అని పిలుచుచున్నాము. ఆ మరణించినవాడు జీవితమంతయు మనకు చెప్పినది, ప్రభువు దయకై ఎదురుచూచువాడు పౌరుడు కాడని. ఆ మాట మనలో ఎంతవరకు దిగినదో 2020వ సంవత్సరపు లెక్క చూచిన తేలును.

అంతకు ముందు 2000వ సంవత్సరము ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క దినమున 24 సెంటీమీటర్లు కురిసి, హుస్సేన్‌సాగరు చుట్టుపట్లనున్న పేటలు మునిగినవి. గుణపాఠము నేర్చితిమని నాడందరును అనిరి. ఇరువది యేండ్లకు, 2020 అక్టోబరు 13న, ఒక రాత్రివాన నగరమును ముంచినది. ఈమారు మూసీకన్న ముందు చెరువులు పలికినవి. గగనపహాడువద్ద అప్పచెరువు తెగి బెంగుళూరు రహదారిమీదికి వచ్చినది. మనుష్యులును, వాహనములును కొట్టుకొనిపోయినవి. నాలుగు దినములు గడచి జనులు ఇండ్లలోని బురద ఎత్తిపోయుచుండగా బాలాపురమువద్ద గుఱ్ఱముచెరువు తెగి పాతనగరపు వాడలమీద పడినది. టోలీచౌకిలోని కొన్ని కాలనీలలో జనులు దినములకొలది మేడమీదనే యుండిరి. 1908లో 221 చెరువులు చెప్పిన మాటనే నూటపండ్రెండేండ్లకు మరికొన్ని చెరువులు చెప్పినవి.

నీరు వచ్చిన మొదటి వారములో మన జనులు చూపిన దయను తక్కువచేసి మాటలాడువాడు కృతఘ్నుడు. ఎన్నడును మొగము చూచుకొనని ఇరుగుపొరుగులు త్రాళ్లు కట్టి వృద్ధులను వెలికి తెచ్చిరి. మతమడుగక, కులమడుగక అన్నపు పొట్లములు పంచిరి. మోటారు ట్యూబులను తెప్పలుగా చేసికొని పిల్లలకు పాలు అందించిన యువకులున్నారు. ఈ జాతి చచ్చినది కాదని చెప్పుటకు అది చాలును.

తరువాతి కథయే నన్ను బాధించునది. ప్రభుత్వమువారు కుటుంబమునకు 10,000 రూపాయల సాయమును ప్రకటించిరి. నవంబరు మాసమున మీసేవా కేంద్రములయెదుట ఆ ధనముకొరకు జనులు తెల్లవారుజామునుండి బారులు తీరిరి. ఎన్నికల నియమావళి అడ్డువచ్చుటచే నవంబరు 18న ఎన్నికల సంఘమువారు ఆ పంపకమును నిలిపిరి. డిసెంబరు 1న మహానగర పాలకసంస్థకు ఎన్నిక జరిగినది. అప్పటికి వరదవచ్చి ఏడు వారములు. గోడలపై నీటిచార ఇంకను ఆరలేదు. మురికికాలువలు, నాలాలు, వీధులు, కట్టడముల అనుమతులు, ఇవి పాలకసంస్థ పనులే. నగరమునకు జరిగిన అన్యాయమును గూర్చి చెప్పదలచినవాడు చెప్పవలసిన దినమదియే. ఆ దినమున వోటు వేసినవారు నూటికి 47 మందికి లోపు. అంటురోగభయమును కొందరు కారణముగా చెప్పిరి, కొంత నిజమేయగును. కాని సాయపుబారులో భుజము భుజము రాచుకొని నిలిచినప్పుడు ఆ భయమెక్కడికి పోయెను?

బీదవారిని నిందించుచున్నానని తలపకుడు. పొయ్యి నానిపోయినవానికి పదివేలు పదివేలే. వాడు బారులో నిలువక ఏమిచేయును? నిలువవలసినది వాడే. నా నింద బారులో నిలువనక్కరలేనివారిమీద, అనగా ఈ గదిలో నున్న మీమీదను, నామీదను. పత్రికలు చదువువారము, అర్జీ వ్రాయ నేర్చినవారము, ఏ కార్యాలయపు గది ఏ అంతస్తులోనున్నదో ఎరిగినవారము మనమే. మనము ఏ బారులోను నిలువలేదు. సాయమెవ్వరికి అందెను, ఎవ్వరికి అందలేదను తగవులో రెండు వారములు గడచినవి. తెగిన కట్టను ఎవ్వరు చూడవలసియుండెను, ఎవ్వరు చూడలేదను ప్రశ్న ఆ తగవులో మునిగిపోయినది.

నా సంగతి దాచను. నేను ఇంటిస్థలము కొన్నప్పుడు ఆ లేఅవుటు పేరిలోనే చెరువను మాట యుండెను. ముచ్చటైన పేరనుకొంటిని. వీధిచివర బాట గజమున్నర ఎత్తుగా ఏలయున్నదో అడుగలేదు. అది కట్టయని నాకు తోచనేలేదు. అమ్మినవాడు కాగితములన్నియు చూపెను. రిజిస్ట్రీ అయ్యెను. బ్యాంకు అప్పిచ్చెను. కరెంటు వచ్చెను, ఇంటిపన్ను రసీదు వచ్చెను. ఇన్ని ముద్రలు పడిన నేలలో నీరుండునని ఎవ్వడు తలంచును? వానలు పడిన రెండవయేట వంటింటి గచ్చులోనుండి నీరు ఊరినప్పుడు మా వీధివారమందరము కలిసి కాలువ తవ్వింపుమని అర్జీ పెట్టితిమి. ఎక్కడికి? దిగువ వీధిలోనికి. కాలువ వచ్చినది, మా నీరు పోయినది. దిగువ వీధివారి యిండ్లలో ఏమైనదో మేము కనుగొనలేదు. పౌరధర్మమును గూర్చి ఉపన్యసించుటకు వచ్చినవాని చరిత్ర ఇది.

2024లో చెరువులలోని కట్టడములను తొలగించుటకు హైడ్రా అను సంస్థను ఏర్పరచిరి. నాడు జనుల మాట రెండు పాయలైనది. పెద్దమేడ కూలిన దినమున చప్పట్లు కొట్టినవారే, రేకులయిల్లు కూలి పిల్లల పుస్తకములు వీధిలో పడిన దినమున కన్నీరు కార్చిరి. రెండును సహజమే. ఆ పనివలన అంబరుపేటలోని బతుకమ్మకుంట 2025లో మరల నీటితో కనబడినది. చూచినవాని కడుపు నిండును. కాని ఇల్లు కోల్పోవువాని కాగితముమీద ముద్ర వేసిన చేయి ఏమైనదని అడుగవలసిన పని మనకింకను మిగిలియున్నది. కొన్నవాడొక్కడే దోషియైనచో, అమ్మినవాడు, అనుమతించినవాడు, పన్ను తీసికొన్నవాడు సాక్షులా?

ఇంకొక మాట. జంట జలాశయములున్నవి గదా, మూసీభయము తీరెననుకొనుట పొరపాటు. వరదను ఆపవలసిన జలాశయము వానకాలమున కొంత ఖాళీగ నుండవలెను. త్రాగునీరియ్యవలసిన జలాశయము నిండుగ నుండవలెను. ఒకే కుండను నిండుగను, వెలితిగను ఉండుమని మనము కోరుచున్నాము. 2025 సెప్టెంబరు చివరి వారములో ఆ రెంటి తలుపులును ఎత్తగా మూసీ వచ్చి ఇమ్లీబన్ బస్సుస్టేషనులో ప్రవేశించినది. రాత్రివేళ ప్రయాణికులను వెలికి తీయవలసివచ్చెను. బస్సుస్టేషనును నదీగర్భమున కట్టినది నది కాదు. ఆ జలాశయముల చుట్టు పది కిలోమీటర్లలో కట్టడములను అడ్డుకొన్న 111వ ఉత్తరువు 1996నాటిది. అందుచే 84 గ్రామములవారు తమ భూమికి వెలలేదని పావుశతాబ్దము మొరపెట్టుకొనిరి. వారి మొర అబద్ధము కాదు. 2022లో ఆ నిబంధనలను తొలగించుచు 69వ ఉత్తరువు వెలువడినప్పుడు నగరవాసులు చాలవరకు ఊరకుండిరి. మనము త్రాగిన నీటికి వెల వారు చెల్లించిరి. వారికి న్యాయము చేసి నీటిని కాపాడు దారి వెదకుడని మనమైనను అడుగలేదు.

సాయము ముందు, కారణము తరువాత అని మీలో ఒకరైనను అనుకొనుచుందురు. మునుగువానికి చెరువుల చరిత్ర చెప్పరాదు, నిజమే. కాని నీరు తీసినపిదప మరల వాన వచ్చువరకు పదినెలల కాలమున్నది. ఆ పదినెలలును మనవియే. ఈ పఠనాలయమువారికి నేను చేయు మనవి ఒకటి. ఇచ్చట ఒక పుస్తకమును తెరువుడు. మన వార్డులో ఏ చెరువుండెను, ఎంత మిగిలినది, మత్తడి ఎటు దూకును, ఆ నీరు పోవు నాలా ఎవరి గోడక్రింద దూరినది, ఇవి నడచి, కన్నులతో చూచి, వృద్ధులనడిగి వ్రాయుడు. పదిహెక్టార్లు, అంతకు పైబడిన చెరువునకు పూర్తి నీటిమట్టమునుండి 30 మీటర్లు, అంతకు తక్కువదానికి 9 మీటర్లు విడువవలెనని నిబంధన యున్నది. ఆ దూరము నిలిచియున్నదో లేదో టేపుపెట్టి కొలువుడు. మృగశిర కార్తెకు నెల ముందు ఆ పుస్తకమును తీసికొని మునిసిపల్ కార్యాలయమునకు పదిమంది పొండు. ఒకమారు పోయిన నవ్వుదురు. ఐదవయేటను పోయినచో లేచి కుర్చీ వేయుదురు. నీరటికాడు జీవితమంతయు చేసిన పని యిదియే; వానికి కల్లములో ధాన్యము కొలిచిరి, మీకు అదియును దొరకదు.

ఈ ప్రాంతపు పాత సర్వే పటమునొకదానిని నేను తెచ్చితిని. కార్యదర్శిగారు దయతో దానిని వెనుకగోడకు తగిలించిరి. చెరువులు నీలిరంగులో నున్నవి. నా యిల్లున్నచోట ఒక చుక్క పెట్టితిని. అది నీలిలోపల పడినది. పెన్సిలు బల్లమీద నున్నది. సభ ముగిసిన పిదప తొందరపడి పోక, ఒక్కొక్కరుగా వచ్చి మీ యిండ్లెచ్చటనున్నవో చూచుకొనుడు.